జెండా మీద సిలువ: ఎన్ని రకాలు, ఎలా గుర్తుపట్టాలి, మీరు ఏది వాడాలి

ప్రశ్న అడిగినవారు తమ చర్చి యువజన సంఘం స్వర్ణోత్సవానికి జెండా డిజైన్ చేస్తున్నారు. నెట్‌లో వెతికితే మాల్టా సిలువ, సెల్టిక్ సిలువ, జెరూసలేం సిలువ అంటూ పదుల కొద్దీ బొమ్మలు వచ్చాయట. జెండాల మీద, రాజచిహ్నాల మీద వాడే సిలువలు అసలు ఎన్ని రకాలు, ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి, తాను దేన్ని తీసుకోవాలి అన్నది వారి సందేహం.

ముందు సూటిగా జవాబు చెబుతాను. యూరప్‌లో డాళ్ల మీద వంశచిహ్నాలు గీసే సంప్రదాయాన్ని హెరాల్డ్రీ అంటారు. అందులో సిలువలకు వందల పేర్లున్నాయి. అవన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. ఏ సిలువ కనిపించినా మూడు సంగతులు చూడండి: చేతులు గుడ్డ అంచుదాకా వెళ్తున్నాయా, మధ్యలోనే ఆగాయా? రెండు పట్టీలు ఎక్కడ కలుస్తున్నాయి? చేతుల కొసలు ఎలా ముగిశాయి? ఈ మూడూ చూడటం అలవాటైతే చాలా సిలువల్ని మీరే పోల్చుకోగలరు. ఇక మీ సంఘానికి నా సలహా: అంచుదాకా వెళ్లే సాదా సిలువ, రెండే రంగులు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లుగా జెండాలు, బ్యానర్లు, సదస్సుల్లో బల్లల మీద పెట్టే చిన్న టేబుల్ ఫ్లాగులు తయారు చేయించే పనిలో ఉన్నాను. ఈ పనిలో నాకు ఒంటబట్టిన విషయం ఒకటుంది. జెండా మీద సిలువకు గుర్తింపు తెచ్చేది ఆకారం ఒక్కటే కాదు, కొలతా రంగూ కూడా. పట్టీ వెడల్పు మారినా, కలిసే చోటు జరిగినా అది ఇంకెవరిదో జెండా అయిపోతుంది, లేదంటే ఎవరిదీ కాకుండా పోతుంది.

అంచుదాకా వెళ్లే సిలువలు

అన్నిటికంటే సాదాది ప్లస్ గుర్తులా సరిగ్గా మధ్యలో కలిసి నాలుగు అంచులనూ తాకేది. తెలుపు మీద ఎరుపైతే సెయింట్ జార్జ్ సిలువ, ఇంగ్లాండ్ జెండా. ఇటలీలోని జెనోవా నగరం జెండా కూడా ఇదే. జార్జియా దేశం 2004లో తీసుకున్న జెండాలో ఈ సిలువే పెద్దగా ఉండి, నాలుగు గళ్లలో నాలుగు చిన్న ఎర్ర సిలువలు ఉంటాయి. ఆ చిన్నవాటి చేతులు కొసల దగ్గర కొద్దిగా వెడల్పవుతాయి. ప్రింటింగ్‌కి ఫైల్ తయారుచేసేవాళ్లు తరచూ వాటిని మామూలు ప్లస్ గుర్తులుగా గీసేస్తారు. అది తప్పు.

ఇదే సిలువలో కలిసే చోటును కర్ర వైపు జరిపితే నార్డిక్ సిలువ. డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ ఐదింటికీ ఇదే. అన్నిటికీ మూలం డెన్మార్క్ జెండా. 1219లో ఎస్టోనియాలో, ఇప్పటి టాలిన్ దగ్గర జరిగిన యుద్ధంలో ఆ జెండా ఆకాశం నుంచి పడిందని డేన్లు చెప్పుకుంటారు. అది ఐతిహ్యమే అయినా, ఇప్పటికీ వాడుకలో ఉన్న జాతీయ జెండాల్లో అతి పాతవాటిలో అదొకటన్నది నిజం. సిలువ కర్ర వైపు జరగడంలో నేను రోజూ చూసే ప్రయోజనం ఒకటుంది. గాలి తక్కువగా ఉన్నప్పుడు గుడ్డ కొస ముడుచుకుపోయి వేలాడుతుంది, కర్రకు దగ్గరి భాగం మాత్రం విచ్చుకునే ఉంటుంది. నిలువు పట్టీ అక్కడ ఉండటం వల్ల జెండా సగమే కనిపించినా సిలువ కనిపిస్తుంది.

ఇక్కడ కొలతల సంగతి కొంచెం ఓపిగ్గా చూడండి. డెన్మార్క్ జెండా ఎత్తును 28 భాగాలు చేస్తే 12 ఎరుపు, 4 తెలుపు, 12 ఎరుపు. పొడవులో 12, 4, 21. అంటే సిలువ వెడల్పు ఎత్తులో ఏడో వంతు. స్వీడన్ జెండా ఎత్తు 10 భాగాలు: 4, 2, 4. పొడవు 16: 5, 2, 9. సిలువ ఐదో వంతు. ఫిన్లాండ్ ఎత్తు 11: 4, 3, 4. పొడవు 18: 5, 3, 10. పావు వంతు కన్నా ఎక్కువ. మూడూ నార్డిక్ సిలువలే, కానీ ఒకటి సన్నం, ఒకటి మధ్యస్తం, ఒకటి బాగా బొద్దు. పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. మూడింటికీ ఒకే టెంప్లేట్ వాడి రంగులు మాత్రం మార్చేస్తే ఆ దేశాలవాళ్లు చూడగానే పట్టేస్తారు.

నార్వే, ఐస్‌లాండ్‌లది సిలువలో సిలువ. నార్వే 1821 నాటిది: ఎర్ర గుడ్డ, తెల్ల అంచుతో నీలం సిలువ. ఐస్‌లాండ్‌లో నీలం గుడ్డ, తెల్ల అంచుతో ఎర్ర సిలువ. కొలతలూ వేరే. నార్వే ఎత్తు 6, 1, 2, 1, 6. ఐస్‌లాండ్ ఎత్తు 7, 1, 2, 1, 7.

కుట్టి చేసే జెండాలో ఈ సన్న పట్టీలు దర్జీకి పరీక్షే. డెన్మార్క్ జెండా 14 సెంటీమీటర్ల ఎత్తులో చేస్తే సిలువ పట్టీ సరిగ్గా 2 సెంటీమీటర్లు రావాలి. కుట్టు మడతకు రెండు వైపులా గుడ్డ వదలకుండా రెండు సెంటీమీటర్లే కత్తిరిస్తే, కుట్టాక మిగిలేది ఒకటిన్నర కూడా ఉండదు. నాలుగు ఎర్ర ముక్కలు కలిసే మూలల దగ్గర ఒక నూలు పోగంత జరిగినా అడ్డ పట్టీ అటు మెట్టు ఇటు మెట్టుగా కనిపిస్తుంది. అందుకే చిన్న సైజుల్లో నేను కుట్టుపని పెట్టుకోను, ప్రింటే చేయిస్తాను.

ఇంటూ గుర్తు సిలువలు

మూల నుంచి మూలకు వెళ్లే సిలువను సాల్టైర్ అంటారు. అపొస్తలుడైన అంద్రెయను ఇంటూ ఆకారపు సిలువ మీద చంపారని క్రైస్తవ సంప్రదాయం. అందుకే దానికి సెయింట్ ఆండ్రూ సిలువ అనే పేరు. నీలం మీద తెలుపైతే స్కాట్లాండ్. ఆ నీలం ఒక్కో జెండాలో ఒక్కోలా ఉంటుండటంతో, 2003లో స్కాట్లాండ్ పార్లమెంటు కమిటీ ఒకటి పాంటోన్ 300 (ప్రింటింగ్‌లో రంగులకు వాడే నంబర్లలో ఒకటి) వాడమని సిఫారసు చేసింది. రంగులు తిరగేసి తెలుపు మీద నీలం పెడితే రష్యా నౌకాదళం జెండా. జమైకా 1962లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పసుపు సాల్టైర్ తీసుకుంది, మిగతా నాలుగు త్రికోణాలు ఆకుపచ్చ, నలుపు.

సముద్రం మీద మాత్రం జాగ్రత్త. అంతర్జాతీయ సంకేత జెండాల్లో 'ఎం' అక్షరానిది నీలం మీద తెల్ల సాల్టైరే. విశాఖ హార్బర్‌లో ఏదైనా ఓడ మీద అది కనిపిస్తే స్కాట్లాండ్ ఓడ అనుకోకండి. ఓడ ఆగి ఉంది, నీళ్లలో ముందుకు సాగడం లేదని దాని అర్థం. తెలుపు మీద ఎర్ర సాల్టైర్ 'వి' అక్షరం: మాకు సాయం కావాలని.

ఈ రెండు కుటుంబాలూ కలిసింది బ్రిటన్ జెండాలో. 1606లో ఇంగ్లాండ్, స్కాట్లాండ్ సిలువలు కలిపారు. 1801లో ఐర్లాండ్ పేరిట సెయింట్ ప్యాట్రిక్ ఎర్ర సాల్టైర్ చేర్చారు. వేల్స్ అప్పటికే ఇంగ్లాండ్‌లో కలిసి ఉంది కాబట్టి దానికి విడిగా గుర్తు లేదు. ఎర్ర సాల్టైర్ తెల్లదాని నడి మధ్యన కూర్చోదు, పక్కకు జరిగి ఉంటుంది. ఎత్తును 30 భాగాలు చేస్తే ఏటవాలు పట్టీల్లో వెడల్పు తెలుపు 3, ఎరుపు 2, సన్న తెలుపు 1. మధ్యలో జార్జ్ సిలువ 6, దానికి రెండు వైపులా తెల్ల అంచు రెండేసి.

అలా జరపడం వల్లే ఈ జెండాకు తలకిందులవడం అనే సమస్య వచ్చింది. కర్ర మీ ఎడమ వైపు ఉండేలా పట్టుకుని, కర్ర దగ్గరి పై మూల చూడండి. ఎరుపుకు పైన వెడల్పు తెలుపు, కింద సన్న తెలుపు ఉండాలి. ఒకసారి ఒక కార్యక్రమానికి బయట చేయించిన జెండాల కట్ట నా దగ్గరికి సరిచూడటానికి వచ్చింది. ప్రింట్‌లో తప్పేమీ లేదు. కర్ర దూర్చే గొట్టానికి మాత్రం పై కొస మూయాల్సింది కింది కొస మూసి కుట్టేశారు, దాంతో అన్నీ తలకిందులే. ఈ జెండాను బల్ల మీద పెట్టి అటుది ఇటు తిప్పినా బొమ్మ అలాగే కనిపిస్తుంది కాబట్టి కుట్టేవాళ్లకు తేడా తెలియలేదు. అప్పటినుంచి ఏ జెండాకైనా గొట్టం ఏ వైపో, దాని పై కొస ఏదో ఫైల్‌లోనే బాణం గుర్తు వేయించడం అలవాటు చేసుకున్నాను.

మన తీరానికీ ఈ జార్జ్ సిలువకూ పాత పరిచయమే. 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీ జెండా ఎరుపు తెలుపు చారలది. దాని పై మూలలో మొదట సెయింట్ జార్జ్ సిలువ ఉండేది. ఇంగ్లాండ్, స్కాట్లాండ్ 1707లో ఒకే రాజ్యమయ్యాక ఆ చోటికి ఆ రెండు దేశాల సిలువలూ కలిపిన బ్రిటన్ జెండా వచ్చింది. భారత నౌకాదళం 1950లో బ్రిటిష్ జెండా తీసేసి పై మూలలో మువ్వన్నెలు పెట్టుకున్నా, జార్జ్ సిలువను ఉంచేసింది. 2001లో దాన్ని తీసి నీలం రంగు నౌకాదళ చిహ్నం పెట్టారు. ఆకాశం, సముద్రం రెండూ నీలమే కాబట్టి ఆ చిహ్నం దూరానికి తెలియడం లేదని 2004లో సిలువను తిరిగి తెచ్చి, మధ్యలో అశోక చిహ్నం చేర్చారు. చివరకు 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో విక్రాంత్ నౌకను దళంలోకి తీసుకున్న రోజు సిలువ పూర్తిగా పోయింది. దాని స్థానంలో శివాజీ ముద్ర స్ఫూర్తితో ఎనిమిది మూలల నీలం చట్రం వచ్చింది. 2001 మార్పు మీకు మంచి పాఠం. ఎంత అర్థవంతమైన చిహ్నమైనా, ఎగిరే చోట వెనక ఏ రంగు ఉంటుందో చూసుకోకపోతే పనికిరాదు.

మధ్యలోనే ఆగే సిలువలు

వీటిలో అందరికీ తెలిసింది స్విట్జర్లాండ్‌ది. ఎర్ర చతురస్రం మీద తెల్ల సిలువ, చేతులు అంచును తాకవు. ప్రతి చేయీ వెడల్పు కన్నా ఆరో వంతు పొడవు ఉండాలని 1889లోనే తీర్మానించారు. అంటే వెడల్పు 6 అయితే పొడవు 7. ఆ ఒక్క భాగమే దాని అందమంతా. ఐదు సమాన చతురస్రాలు పేర్చినట్టు గీస్తే బొద్దుగా, ఇంకేదోలా కనిపిస్తుంది. దేశాల జెండాల్లో చతురస్రంగా ఉండేవి ఇదీ, వాటికన్‌దీ మాత్రమే. సదస్సుల్లో అన్ని జెండాలూ ఒకే సైజులో ఉండాలని దీన్నీ పొడవుగా సాగదీయమని అడుగుతారు. నేను చేయను. అదే ఎత్తులో చతురస్రంగానే చేసి ఇస్తాను, ఎందుకో వివరిస్తే అందరూ ఒప్పుకుంటారు.

ఈ రంగులు తిరగేస్తే రెడ్‌క్రాస్. ఇది మీకు అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక: తెలుపు మీద విడిగా నిలబడ్డ ఎర్ర ప్లస్ గుర్తును మీ జెండా మీద పెట్టకండి. 1864 జెనీవా ఒప్పందంతో అది యుద్ధంలో గాయపడ్డవారికీ వారికి సేవ చేసేవారికీ రక్షణ గుర్తయింది. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని వాడటం నేరం. మందుల షాపుల బోర్డుల మీద, డాక్టర్ల కార్ల మీద కనిపిస్తోంది కదా అనుకోవద్దు, అవీ నిబంధనకు విరుద్ధమే. మీ యువజన సంఘం వైద్య శిబిరాలు పెడుతుంటే ఈ గుర్తు మీద మనసు పోవడం సహజం. కానీ యుద్ధభూమిలో అది చూసి తుపాకీ దించాలంటే, ఊరికే ఎక్కడపడితే అక్కడ కనిపించకూడదు. టోంగా దేశమే దీనికి ఉదాహరణ. వాళ్లు తెలుపు మీద ఎర్ర సిలువ అనుకుని, అది రెడ్‌క్రాస్‌లా ఉందని గ్రహించి, దాన్ని ఎర్ర గుడ్డ పై మూలలోని తెల్ల గడిలోకి మార్చుకున్నారు.

కొసల అలంకారాలు

మీకు నెట్‌లో కనిపించిన పేర్లలో ఎక్కువ భాగం ఇక్కడివే. ఇవి పుట్టింది డాళ్ల మీద, ముద్రల మీద. దగ్గరి నుంచి చూసే వస్తువులకు బాగుంటాయి.

చేతులు మధ్యలో సన్నగా మొదలై కొసకు వెడల్పయితే పాటే సిలువ. పాత జర్మన్ రాజ్యం ప్రష్యా 1813లో మొదలుపెట్టిన ఐరన్ క్రాస్ పతకం ఇదే ఆకారం. ఆ వెడల్పు కొసల మధ్య వి ఆకారంలో నొక్కు పడి మొత్తం ఎనిమిది మొనలు వస్తే అది మాల్టా సిలువ, సెయింట్ జాన్ ఆసుపత్రి యోధుల గుర్తు. మన దగ్గర ప్రథమ చికిత్స నేర్పే సెయింట్ జాన్ అంబులెన్స్ చిహ్నమూ ఇదే. ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటుంది. మాల్టా జాతీయ జెండాలో ఉన్నది మాల్టా సిలువ కాదు. 1942లో బ్రిటన్ రాజు ఆరో జార్జ్ ఆ ద్వీపానికి ఇచ్చిన జార్జ్ క్రాస్ పతకం బొమ్మ అది. ఎనిమిది మొనల సిలువ ఉండేది మాల్టాలో రిజిస్టరైన వాణిజ్య నౌకల ఎర్ర జెండా మీద.

చేతుల కొసలకు అడ్డంగా చిన్న కమ్మీ వేసి ఇంగ్లిష్ 'టి'లా చేస్తే పొటెంట్. దాని నాలుగు గళ్లలో నాలుగు చిన్న సిలువలు పెడితే జెరూసలేం సిలువ. కొసకు మూడు మొగ్గలు పెడితే బొటొనీ. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్ర జెండాలో అది చూడొచ్చు. రెండు అడ్డ కమ్మీలుంటే జంట సిలువ: స్లొవేకియా జెండాలోని డాలు మీద మూడు కొండలపై నిలబడి ఉంటుంది. కింది చేయి పొడవుగా ఉంటే లాటిన్ సిలువ, మన చర్చి గోపురాల మీద కనిపించేదే.

రంగుల విషయంలో ఒకే నియమం

హెరాల్డ్రీలో బంగారం, వెండి లోహాలు. జెండా మీద అవి పసుపు, తెలుపు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఊదా రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదు. పాత జెరూసలేం రాజ్యం వెండి డాలు మీద బంగారు సిలువ పెట్టి కావాలనే ఈ నియమం దాటింది, ఆ మినహాయింపు వల్లే అది ప్రసిద్ధం. నియమం వెనక కారణం చాలా మామూలుది: ముదురు మీద ముదురు, లేత మీద లేత దూరానికి కలిసిపోతాయి. ముదురు రంగులు రెండు పక్కపక్కన తప్పనిసరైతే మధ్యలో సన్న తెల్ల అంచు వేస్తారు, చీరలో ఒంటికీ అంచుకూ మధ్య జరీ గీత నడిపినట్టు. నార్వే సిలువ చుట్టూ, బ్రిటన్ సిలువ చుట్టూ ఉన్న తెలుపు పని అదే.

ఇక మీ జెండా

అలంకారపు సిలువల్ని జెండాకు వాడొద్దనడానికి కారణం ఇప్పటికి మీకే తెలిసి ఉంటుంది. మాల్టా సిలువ నొక్కులు, బొటొనీ మొగ్గలు రెండో అంతస్తు ఎత్తులో గాలికి కొట్టుకుంటుంటే ఒక ముద్దలా కనిపిస్తాయి. మీకు మన నేలకు చెందిన ఆకారం కావాలంటే, చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ మీద, కేరళ పాత చర్చిల్లో రాతిపై చెక్కిన థామస్ సిలువలు చూడండి. దక్షిణ ఇండియా సంఘం చిహ్నంలోనూ సిలువా తామరా కలిసే ఉంటాయి. అలాంటివి బ్యాడ్జీకి, లెటర్‌హెడ్‌కి, కండువా మీద ఎంబ్రాయిడరీకి ఎంతో బాగుంటాయి. జెండాకు మాత్రం సాదాదే ఉంచండి.

లాటిన్ సిలువే కావాలని పెద్దలు పట్టుబడితే, దాన్ని అడ్డ జెండాలో ఇరికించకండి. పొడవైన కింది చేతికి చోటు చాలక మిగతా చేతులు కుదించుకుపోతాయి. ఊరేగింపులో పై కర్రకు వేలాడదీసే నిలువు బ్యానర్ ఒకటి విడిగా చేయించి దాని మీద వేయండి, అక్కడ ఆ ఆకారం నిండుగా కనిపిస్తుంది. జెండా మీద అక్షరాలు, సంవత్సరాలు కూడా వద్దు. పలుచటి పాలిస్టర్ మీద ప్రింట్ చేస్తే రంగు వెనక్కి దిగి, వెనక నుంచి అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తాయి. స్వర్ణోత్సవం అంకె వేయాలనుంటే అదీ బ్యానర్ మీదే.

నేనైతే ఊదా గుడ్డ మీద తెల్ల నార్డిక్ సిలువ వేస్తాను. అది ఏ దేశం జెండాతోనూ కలవదు, ఊదా ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలానికి (లెంట్) చర్చిలో వాడే రంగే. కొలతలు: ఎత్తు 10 భాగాలు, 4 ఊదా, 2 తెలుపు, 4 ఊదా. పొడవు 15 భాగాలు, 4 ఊదా, 2 తెలుపు, 9 ఊదా. ముందు తపాలా బిళ్లంత సైజులో ప్రింట్ తీసి చూడండి. తర్వాత ఒక్క జెండా చేయించి, చర్చి ఆవరణలో కట్టి, రోడ్డు అవతల నుంచి చూడండి. సిలువ సన్నగా అనిపిస్తే 2ను రెండున్నర చేయండి, గళ్లను ఆ మేరకు తగ్గించండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఒక్క మాట తప్పకుండా రాయించండి: కర్ర దూర్చే గొట్టానికి కావలసిన గుడ్డను ఈ 15 భాగాల బయట, అదనంగా వదలాలి. చాలా చోట్ల జెండా కొలతలోంచే రెండు అంగుళాలు మడిచి గొట్టం కుట్టేస్తారు. అప్పుడు కర్ర వైపు 4 భాగాలు కాస్తా మూడో, అంతకన్నా తక్కువో అవుతాయి, నిలువు పట్టీ కర్రకు అతుక్కుపోయినట్టు కనిపిస్తుంది.